మాడ్యూల్‌ని తిట్టే ముందు

ఒరేయ్ అప్పలరాజూ,

అంబాసిడర్ పొద్దున్న చక్కగా స్టార్టవుతుంది, సింహాచలం ఘాట్ సగం ఎక్కేసరికి ఆగిపోతుంది, అరగంట చల్లారితే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది అని రాశావు కదా. అలాగని పాయింట్ల బదులు పెట్టించిన ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మాడ్యూల్ పోయిందనుకుని కొత్తది కొనేయకు. ముందు కాయిల్‌ని, అంటే ప్లగ్గుల్లో స్పార్క్‌కి కావాల్సిన హై వోల్టేజీ పుట్టించే చుట్టని, అనుమానించు.

పాయింట్లు (కాయిల్ కరెంటుని తెగ్గొట్టే పాత స్విచ్చు) పీకి ఎలక్ట్రానిక్ కిట్టు పెట్టేటప్పుడు చేతికందిన కాయిల్ బిగించేస్తుంటారు. కీ ఆపి, కాయిల్ మీది సన్న వైర్లు ఊడదీసి, ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య మల్టీమీటర్ ఓమ్‌లలో పెట్టు. దానికి ముందు మీటర్ ముళ్లు రెండూ ఒకదానికొకటి ఆనించు. 0.3 చూపిస్తే అది మీటర్ వైర్లది, తీసేసుకో. మిగిలింది 3 ఓమ్‌ల చుట్టుపక్కల ఉంటే సరే. 1.5 వచ్చిందా, అది బ్యాలస్ట్ రెసిస్టర్‌తో, అంటే కరెంటుని తగ్గించే రెసిస్టర్‌తో, వాడాల్సిన కాయిల్. నేరుగా 14 వోల్టులు తగిలితే 9 ఆంపియర్ల దాకా లాగేస్తుంది, 3 ఓమ్‌లదైతే ఐదు లోపే. ఆ తేడా కాయిల్‌నీ మాడ్యూల్‌నీ కాలుస్తుంది. ఇంజిన్ ఆపి, కీ ఆన్‌లో ఉంచి పాటలు వినే అలవాటుంటే అదీ మానెయ్, మాడ్యూల్‌కి అదే పెద్ద శత్రువు.

చల్లగా ఉన్నప్పుడు మీటర్ బాగానే చూపించొచ్చు. అందుకే ఆగిపోయిన చోటే, వేడి మీదే మళ్లీ కొలిచి చూడు. లేదా తడిగుడ్డ కాయిల్ చుట్టూ చుట్టు, ప్లగ్గులకి స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ మీద మాత్రం చుక్క పడనీకు. ఐదు నిమిషాల్లో స్టార్టయితే దొంగ దొరికినట్టే.

కాయిల్ బాగుంటే కరెంటు చూడు. సెల్ఫ్ కొడుతుండగా కాయిల్ ప్లస్ దగ్గర 9 వోల్టుల కంటే కిందికి పడిపోతుంటే, బ్యాటరీ దగ్గరా కొలిచి చూడు. అక్కడా అంతే పడితే లోపం బ్యాటరీది. అక్కడ బాగుంటే బ్యాటరీ ప్లస్ నుంచి కాయిల్ ప్లస్‌కి విడిగా ఒక వైరు లాగు. బండి నడిచిందంటే తప్పు కీ స్విచ్చిదో దాని వైరింగుదో. అన్నట్టు, ఆ వైరు ఉన్నంతసేపూ కీ తిప్పినా ఇంజిన్ ఆగదు, వైరు పీకాల్సిందే.

ఇక ఎర్త్. లాసన్స్ బే కాలనీలో ఆ ఉప్పుగాలికి ఏ బోల్టూ ఏడాదికి మించి తెల్లగా ఉండదు. మీటర్ ఒక ముల్లు బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి డిస్ట్రిబ్యూటర్ బాడీ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించు. అర వోల్టు దాటితే ఇంజిన్ ఎర్త్ పట్టీ విప్పి, గరుకు కాగితంతో రుద్ది, బిగించాక వాజలైన్ రాయి. డిస్ట్రిబ్యూటర్ లోపల, కదిలే ప్లేటుని బాడీకి కలిపే సన్నటి అల్లిక వైరు ఒకటుంటుంది. పైకి బాగానే కనిపిస్తుంది గానీ తొడుగు లోపల తెగిపోయి ఉండొచ్చు. అలా తెగితే, ఇంజిన్ వాక్యూమ్ ఆ ప్లేటుని లాగినప్పుడల్లా మిస్సింగ్ వస్తుంది. వేలితో ప్లేటు కదుపుతూ మీటర్ చూస్తే తెలిసిపోతుంది.

మాడ్యూల్ సెన్సర్‌కి సంకేతమిచ్చే అయస్కాంతం రింగు డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ మీద అడుగుదాకా దిగిందా, రోటర్ ఊగకుండా కూర్చుందా కూడా చూడు. షాఫ్ట్ బుష్ అరిగితే రింగు సెన్సర్‌కి రాసుకుంటుంది. ప్లగ్ వైర్లు వట్టి రాగివైతే మార్చు, వాటి విద్యుత్ గోల సెన్సర్‌ని తికమక పెడుతుంది.

పాత పాయింట్లూ కండెన్సరూ డిక్కీలో పడేసి ఉంచు. దారిలో బిగించాల్సొస్తే గ్యాప్ 0.4 మిల్లీమీటరు, ఇంటికొచ్చాక టైమింగ్ మళ్లీ సరిచూసుకోవాలి.

కాయిల్ కొలత ఎంతొచ్చిందో రాయి. 1.5 అయితే మిగతావేవీ విప్పకు.

నీ
సూరిబాబు