గుంటూరు పెద్దాసుపత్రిలో మా తమ్ముణ్ణి చూసుకున్న నర్సు బ్రదర్‌కి

ఈ పోస్టు ఆయన కంటపడుతుందో లేదో తెలియదు. మా తమ్ముడికి ప్రాణభయం లేదని ఇవాళ డాక్టరుగారు చెప్పారు. ఫోన్లు ఎత్తలేదని ఎవరూ ఏమీ అనుకోకండి, నిలబడి మాట్లాడే ఓపిక కూడా లేదు. కానీ ఈ నాలుగు మాటలూ రాయకుండా పడుకోలేను.

2021 ఏప్రిల్‌లో వాడికి కోవిడ్ వచ్చింది. ఆక్సిజన్ పడిపోతే స్టెరాయిడ్లు ఇచ్చారు. ఇంటికొచ్చాక నిద్ర కరువైంది. రాత్రంతా తిరగడం, కిటికీ సందులోంచి వీధిలోకి చూడటం, అన్నంలో ఏదో కలిపారనడం. చివరికి తన చేతికి తనే గాయం చేసుకున్నాడు, ఆపబోయిన నాన్నని తోసేశాడు. నాన్న ముందు ఏనాడూ గొంతు పెంచని పిల్లాడు. స్టెరాయిడ్ల వల్ల కొందరికి ఇలా అవుతుందని, మందులతో తగ్గుతుందని ఇక్కడికొచ్చాకే తెలిసింది. ఆ ఒక్క ముక్క డిశ్చార్జి చేసిన రోజే చెప్పి ఉండాల్సింది.

విజయవాడలో ఒకచోట ఆర్టీపీసీఆర్ రిపోర్టు లేనిదే గేటు దాటనివ్వలేదు. ర్యాపిడ్ టెస్టు అరగంటలో తేలిపోతుంది, అదైనా చేయలేదు. ఇంకోచోట చెయ్యి చూసి, ఇది పోలీసు కేసు, ముందు స్టేషన్‌కి వెళ్లి రండి అన్నారు. మే 5 నుంచి మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ పెట్టారు. రక్తం ఓడుతున్నవాణ్ణి పట్టుకుని ఏ స్టేషన్‌కి వెళ్లాలి?

గుంటూరు క్యాజువాలిటీలో పీపీఈ కిట్లు వేసుకున్నవాళ్లు దగ్గరికి రాగానే వాడు గోడకి అతుక్కుపోయి కేకలు పెట్టాడు. ఎవరికీ ముఖం కనపడదు, కళ్లద్దాలకి ఆవిరి పట్టి కళ్లూ కనపడవు. అప్పుడు ఒక బ్రదర్ మిగతావాళ్లని ఆగమని చెప్పి, గాజు తలుపు అవతలికి వెళ్లి మాస్కు తీశారు. అద్దంలోంచి వాడికి ముఖం చూపించి నవ్వారు. మళ్లీ అన్నీ తగిలించుకుని వచ్చి, కిట్టు మీద స్కెచ్ పెన్నుతో రాసుకున్న తన పేరు చదవమన్నారు. వాడు చదివాడు. ఎన్నాళ్ల తర్వాతో వాడి నోట విన్న మామూలు మాట అది.

ఇంజెక్షన్ అనేసరికి మళ్లీ తిరగబడ్డాడు. ఆయనకీ దెబ్బ తగిలింది. వాణ్ణి కట్టక తప్పలేదు. దూది పరిచి, బ్యాండేజీ గుడ్డతో కట్టి, బిగుసుకుందేమోనని ముడి కింద తన రెండు వేళ్లు దూర్చి చూశారు. వాంతి అయితే ఊపిరికి అడ్డం పడుతుందని పక్కకి తిప్పి పడుకోబెట్టారు. వాడు నిద్రలోకి జారగానే విప్పేశారు. "లేచేసరికి కట్లు కనపడకూడదమ్మా. జరిగిందంతా చెప్పి నిలదీయకండి, సిగ్గుతో మందులు మానేస్తారు" అన్నారు. అంతవరకు బిగబట్టుకున్న ఏడుపు అక్కడే బయటికొచ్చేసింది. దెబ్బ తిన్నది ఆయన, వాడి సిగ్గు గురించి ఆలోచిస్తున్నదీ ఆయనే.

నిన్న తమ్ముణ్ణి అడిగాను, రాయనా అని. "నా పేరు పెట్టొద్దక్కా, ఆయన గురించి రాయి" అన్నాడు.

ఇంకో సంగతి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి అత్యవసరంలో ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా వైద్యం మొదలుపెట్టొచ్చట, 72 గంటల దాకా. సైకియాట్రిస్టే ఉండాలని లేదు. ఆత్మహత్యకి ప్రయత్నించినవాళ్లని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్లుగానే చూడాలి, శిక్షించకూడదని 115వ సెక్షన్ చెబుతోంది. ఇవి ఇక్కడి పీజీ డాక్టరమ్మ చెప్పారు. పోలీసులకి కబురు పంపాలంటే ఆసుపత్రే పంపుకోవచ్చు, ముందు కట్టు కట్టాలి కదా! మమ్మల్ని తిప్పి పంపినవాళ్లకి ఈ చట్టం తెలియదా, లేక మా వాడంటే భయమా?

అమ్మా, నాన్నా, మా ఆయన, మరిది... మీకు వేరే చెప్పాలా.

అయ్యో, మర్చిపోయాను: కృష్ణ మీది వారధి దగ్గర కర్ఫ్యూ పాసు అడక్కుండా, కారులోకి ఒక్కసారి చూసి బారికేడ్ జరిపిన కానిస్టేబుల్ గారు. కారిచ్చి డీజిల్ డబ్బులు కూడా వద్దన్న ఎదురింటి మాస్టారు. ఓపిగ్గా కుట్లు వేసిన చిన్న డాక్టరు. దొరకని మాత్ర గవర్నర్‌పేట అంతా వాకబు చేసి తెప్పించిన మందుల షాపు ఆయన. వార్డు బయట మాకు టీ పోసిన క్యాంటీన్ అబ్బాయి. బాబూ, నీ ఫ్లాస్కు మా దగ్గరే ఉండిపోయింది, రేపు పొద్దున తెచ్చిస్తాను.