మాట చేరాల్సింది నడిసంద్రంలో ఉన్నవాడికి, మంత్రిగారూ

గౌరవనీయులైన కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రిగారికి విశాఖపట్నం రేడియో శ్రోతలు నమస్కరించి రాసుకుంటున్న లేఖ.

మామూలు రేడియో సెట్టులో వినే మీడియం వేవ్ ప్రసారాన్ని తీసేయొద్దని కోరే ఈ లేఖ మా నాలుగో అర్జీ. మొదటి మూడింటికీ వచ్చిన జవాబు ఒక్కటే: "ఫోన్‌లో రేడియో యాప్‌లో వినండి." జాతీయ రేడియోలో పొద్దున్నుంచి రాత్రిదాకా ప్రసంగాలు, రైతుల కార్యక్రమాలు, నాటికలు, వాతావరణ సూచనలు వేస్తున్నారు. వద్దన్నవాళ్ళు ఎవరూ లేరు. అవి చేరాల్సినవాళ్ళకు చేరడం లేదన్నదే మా గోడు.

పాటలో ఒక ముక్క పోయినా పల్లవి మళ్ళీ వస్తుంది. మాటలో అక్షరం పోతే అర్థమే పోతుంది. సముద్రపు హెచ్చరికే తీసుకోండి. "గాలులు గంటకు నలభై కిలోమీటర్లు" అనేటప్పుడు గరగర వచ్చి ఆ అంకెలోని మొదటి రెండక్షరాల్ని మింగేస్తే, అది నలభైయో ఎనభైయో ఎవరు చెప్పగలరు? నలభై ఈదురుగాలి. 62 దాటితే తుఫాను కిందే లెక్క. అంకెల్ని రెండుసార్లు చదవండి, రెండోసారి "నాలుగు, సున్నా" అని విడదీసి చదవండి అని మూడు అర్జీల్లోనూ రాశాం. పైసా ఖర్చు లేని పని. అదీ జరగలేదు.

యాప్ సంగతి చూద్దాం. సెకనుకు 64 కిలోబిట్ల (64 కేబీపీఎస్) వేగంతో ఇంటర్నెట్‌లో వచ్చే ప్రసారం గంటకు దాదాపు 29 ఎంబీ డేటా లాగుతుంది. 18 గంటల ప్రసారం వింటే 500 ఎంబీ దాటుతుంది. అది గట్టు మీద మాట. ఫిషింగ్ హార్బర్ దాటి లోపలికి పోయిన బోటుకు కాసేపటికే సెల్ సిగ్నల్ పోతుంది. ఎఫ్ఎం పెట్టుకోమంటారా? ఎఫ్ఎం తరంగం చూపు ఆనేంత దూరమే పోతుంది. పాడేరు, అరకు వైపు కొండ అడ్డొచ్చిన ప్రతి మడతలోనూ ఆగిపోతుంది. మీడియం వేవ్ అలా కాదు. మట్టికన్నా ఉప్పునీరు విద్యుత్తును వందల రెట్లు బాగా మోస్తుంది కాబట్టి, ఆ తరంగం సముద్రాన్ని అంటిపెట్టుకుని చాలా దూరం పోతుంది. ఈ తీరానికి ఇంతకన్నా అనువైన బ్యాండు లేదు. అయినా దేశంలో మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి.

మూసేయకపోయినా పవరు తగ్గిస్తే నష్టం నష్టమే. పావు వంతుకు దించితే అందే సిగ్నల్ సగమవుతుంది, గరగర మాత్రం తగ్గదు. మా వైపు చేయాల్సింది మేం చేస్తూనే ఉన్నాం. ఎల్ఈడీ బల్బు, ఛార్జరు, ఇన్వర్టరు సెట్టుకు దూరంగా పెడుతున్నాం. సెట్టు లోపల యాంటెన్నాగా పనిచేసే ఫెర్రైట్ కడ్డీ మొన స్టేషను వైపు ఉంటే వినబడదు, అడ్డంగా ఉండాలి, అందుకని సెట్టును తిప్పి చూసుకుంటున్నాం. ఇంతకుమించి శ్రోత చేయగలిగింది లేదు.

రాత్రి నాటికల బాధ ఇంకొకటి. ప్రసారాన్ని కంప్యూటరుకు వదిలేసినచోట నిశ్శబ్దాన్ని పసిగట్టే ఏర్పాటు ఉంటుంది; ప్రసారం ఆగిపోయిందనుకుని అది పాట వేసేస్తుంది. దాని గడువు ఐదారు సెకన్లకే పెడితే, కొడుకు చావు కబురు విన్న తల్లి మాట పడిపోయి ఉన్న క్షణంలో సినిమా పాట మొదలవుతుంది. ఆ మౌనం కోసం నటులు, దర్శకుడు ఎంత తపించి ఉంటారు! నాటిక నడిచే అరగంట ఆ గడువును 30 సెకన్లకు పెంచితే చాలు. శబ్దం తగ్గినప్పుడు దానంతటదే పెంచే ఆటోమేటిక్ గెయిన్ కూడా తగ్గించాలి. లేకపోతే మౌనం వచ్చినప్పుడల్లా వెనక ఉన్న బుస పైకి లేస్తుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి మీద పడ్డప్పుడు కరెంటు పోయింది, సెల్ ఫోన్లు మూగబోయాయి. అలాంటి రోజున బ్యాటరీ సెల్సుతో నడిచే చిన్న రేడియో విలువేమిటో మీకు చెప్పక్కర్లేదు. దయచేసి మీడియం వేవ్ తీసేయకండి. పవరు తగ్గించకండి. అంకెల్ని రెండుసార్లు చదివించండి. మళ్ళీ అదే అడుగుతున్నాం, మీడియం వేవ్ తీసేయకండి.

జూన్ 14తో సముద్రంలో చేపల వేట నిషేధం ముగుస్తుంది. ఆ మర్నాడు మొదటి బోటు కదిలే వేళకు, తెల్లవారుజాము వాతావరణ సూచన అక్షరం పోకుండా వినబడాలి. ఈ ఒక్కటైనా ఆ లోపు చేయించండి.

ఇట్లు,
విశాఖపట్నం రేడియో శ్రోతలు