బొటనవేలు బొమ్మ చాలదు, ఫోన్ చెయ్యి

రేపల్లె,
28-12-2025

చి. ప్రసన్నకు అమ్మ దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. ధనుర్మాసం కదా, తెల్లవారకముందే గుడి మైకు మొదలవుతోంది. నాన్నగారు రోజూ వెళ్లి దొన్నెలో చక్కెర పొంగలి తెచ్చుకుంటున్నారు, షుగర్ ఉందన్న సంగతి గుడి మెట్ల దగ్గరే వదిలేసి. బుజ్జిగాడికి సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయి. వెనకవైపు గోడ ఎట్టకేలకు లేచింది. శేషగిరి మావయ్యతో ఆ మూడడుగుల పేచీ తీరలేదనుకో, గోడ మాత్రం లేచింది.

నువ్వు మెసేజ్‌లు చూస్తున్నావని నీలం టిక్కులు చెబుతున్నాయి. ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటున్నావు. నేనేం అనడం లేదు, పనుంటుంది. మనకి రాత్రి తొమ్మిదిన్నర అయితే నీకు సాయంత్రం నాలుగు, అప్పటికే అక్కడ చీకటి పడిపోతుందట. నాన్నగారు ఫోన్‌లో రేపల్లె వాతావరణం తీసేసి నువ్వుండే స్కాట్లండ్ ఎడింబరోది పెట్టుకున్నారు. ఇక్కడ చినుకు పడితే చెప్పరు గానీ అక్కడ గాలి ఎంత జోరుగా వీస్తోందో ముగ్గురికి చెప్పి వస్తారు. లోపల వేసుకునే ఆ థర్మల్స్ వేసుకుంటున్నావా? కాఫీ ఎక్కువ తాగుతున్నావా? కాఫీ సంగతి తర్వాత రాస్తాను.

నవంబరులో నీ కాన్వొకేషన్ లైవ్‌లో మళ్లీ మళ్లీ చూశాం. మెక్‌ఈవన్ హాల్ అంత బాగుంటుందని నువ్వు చెప్పనేలేదు. ఆ నల్ల టోపీ ఒక్కొక్కరి నెత్తికీ అలా తాకించి పంపిస్తుంటే తాతమ్మ శఠగోపం అనుకుని టీవీకి దండం పెట్టింది. అది జాన్ నాక్స్ అనే మతగురువు లాగుతో కుట్టిందని అక్కడ ఒక కథ ఉందని నువ్వే అన్నావు కదా. నాన్నగారు ఇంకా నవ్వుతున్నారు, ఇంత ఫీజు కట్టి ఎవరిదో లాగు నెత్తిన పెట్టించుకుందా అని. ఆ రోజు ఫోన్‌లో నువ్వూ నవ్వావు. అంతగా నవ్వింది అదే ఆఖరు అనిపిస్తోంది. పోనీలే.

మొదటి ఏడాది (మొదటిదేమిటి, ఉన్నదే ఒక ఏడాది చదువు!) నీకు 64 వచ్చిందని ఏడుస్తూ ఫోన్ చేశావు, గుర్తుందా? పదో తరగతి నుంచి తొంభైలు తప్ప ఎరగని పిల్లవి. అక్కడ ఎమ్మెస్సీకి 50 వస్తే పాస్, 60 వస్తే మెరిట్, 70 దాటితే డిస్టింక్షన్ అని తెలిశాక గానీ నీకు అన్నం సహించలేదు. ముప్పై మందిలో ముప్పై మందికీ తొంభైలు వేసిన పాపంలో నాకూ వాటా ఉందని నాన్నగారు అంటారు. నేను లెక్కల టీచర్ని, తప్పు లేనిచోట మార్కు కోయడం నాకు చేతకాదు.

చదువు ఆఖరున రాసే డిసర్టేషన్‌కి నా గొంతు రికార్డు చేయించుకున్నావు. మన రేపల్లె యాసని ఆ ఏఐ మిషను ఎంత అర్థం చేసుకుందో చివరికి చెప్పనేలేదు. ఎవరింటికి వెళ్లినా మా అమ్మాయి ఏఐకి నా మాటలు నేర్పిందని చెప్పేశాను, రిజల్టు అడిగితే ఏం చెప్పను?

నువ్వు వెళ్లిన కొత్తలో, 2024 అక్టోబరులో, ఏఐలో పేరున్న హింటన్ గారికి నోబెల్ వచ్చిందని అర్ధరాత్రి దాటాక మమ్మల్ని లేపావు. ఆయన పీహెచ్‌డీ చేసింది మా యూనివర్సిటీలోనే అని నీ సంబరం. ఎవరో ఏమో, అమ్మాయి సంతోషంగా ఉందని మేమూ సంతోషించాం. ఆ తర్వాత నువ్వు చెప్పిందే నాకు బాగా గుర్తుండిపోయింది. 1973లో లైట్‌హిల్ అనే ఆయన ఈ ఏఐ విద్యలో పస లేదని రిపోర్టు రాస్తే డబ్బు ఆపేశారనీ, బొమ్మకారు ముక్కల్ని కుప్పలోంచి ఏరి కూర్చే ఫ్రెడ్డీ రోబోని చేసిన మీ ఎడింబరోలోనే పనులు మూలపడ్డాయనీ, హింటన్ గారు చదివింది సరిగ్గా ఆ రోజుల్లోనే అనీ. పట్టా వచ్చింది 1978లోనట. అంటే ఈ సబ్జెక్టుకి గిరాకీ లేని కాలంలో కూడా దాన్ని పట్టుకుని కూర్చున్నవాళ్లు ఉన్నారు. నేను ఉపన్యాసం ఇవ్వడం లేదు, నువ్వు చెప్పిందే నీకు చెబుతున్నాను.

అసలు చెప్పాల్సింది అగ్గిపెట్టెల సంగతి. కంప్యూటర్ చేతిలో లేక, ఏఐ పాతతరం మనిషి డొనాల్డ్ మిచీ గారు 304 అగ్గిపెట్టెల్లో రంగు పూసలు పోసి ఆ పెట్టెలకే ఇంటూలు-సున్నాల ఆట నేర్పించాడని చెప్పావు కదా, అది నా బుర్రలో నుంచి పోలేదు. అన్ని పెట్టెలు ఎక్కడ తెస్తాం? దసరా సెలవుల్లో వీధి పిల్లలకి పుల్లల ఆటతో చేశాను. పది పుల్లలు, వంతుకి ఒకటి గానీ రెండు గానీ తియ్యాలి, ఆఖరి పుల్ల తీసినవాడిది గెలుపు. ఇన్ని పుల్లలు మిగిలితే ఈ పెట్టె తెరవాలని ఒకటి నుంచి పది దాకా నంబర్లు వేసి పది పెట్టెలు పెట్టాను. ఒక్కోదానిలో నాలుగు గురివింద గింజలు, నాలుగు చింతపిక్కలు. కళ్లు మూసుకుని ఒకటి తియ్యాలి. గురివింద వస్తే ఒక పుల్ల, చింతపిక్క వస్తే రెండు. ఒకటో పెట్టెలో మాత్రం గురివిందే, ఉన్నది ఒక్క పుల్లే కదా. పెట్టెల పక్షం ఓడితే ఆ ఆటలో ఆఖరున తీసిన గింజ బయట పారేయాలి. గెలిస్తే దానికి తోడు ఇంకో గింజ వెయ్యాలి. గురివింద విషం కదా, ఎవడు నోట్లో పెట్టుకుంటాడో అని కాపలా కాయడంతోనే ఆ సెలవులు సరిపోయాయి. చిన్న పిల్లలకి పూసలు కొనివ్వొచ్చుగా అని కోడలుపిల్ల అంటే వినలేదు, మన పెరట్లో కాసినవి ఉండగా పూసలెందుకు?

మొదట పెట్టెలు ఓడిపోతూనే ఉన్నాయి. పిల్లలు ఒకటే గోల. కాసేపటికి పక్కింటి లోహిత్ వచ్చి, "మామ్మా, మూడో పెట్టె ఖాళీ అయిపోయింది, చచ్చిపోయింది" అన్నాడు. చూస్తే నిజమే. మూడు పుల్లలు మిగిలినప్పుడు ఒకటి తీసినా ఓటమే, రెండు తీసినా ఓటమే, ఇంక అందులో గింజ ఎలా నిలుస్తుంది? తప్పు ఆ పెట్టెది కాదు, అక్కడికి తీసుకొచ్చిన ముందు పెట్టెది. అందుకని ఖాళీ పెట్టె తగిలితే ఆట ఓడినట్టు ఒప్పేసుకుని, అంతకుముందు తెరిచిన పెట్టెలో తీసిన గింజ పారేయాలని రూలు మార్చాం. మర్నాటికి పెట్టెలు మొదట ఆడితే పెద్ద పిల్లలు కూడా గెలవలేకపోయారు. లోహిత్ మాత్రం తాను మొదలుపెడితే ఒకే పుల్ల తీసి, ప్రతిసారీ మూడు, మూడు లెక్కన వదిలే కిటుకు కనిపెట్టాడు. వాడు ఇంజనీర్ అవుతాడు చూడు.

ఇదంతా ఎందుకు రాశానంటే, ఊరికే. కానీ నువ్వూ ఉద్యోగాలకి రాసి, వద్దన్న మెయిల్ వచ్చినప్పుడల్లా నీలో నుంచి ఒక్కో గింజ తీసి పారేసుకుంటున్నావేమో అని ఒక ఆలోచన. ఉద్యోగం వీసాకి కంపెనీ స్పాన్సర్ చేయాలంటే మామూలుగా 41,700 పౌండ్ల జీతం చూపించాలనీ, కొత్తగా చదువు ముగించినవాళ్లకైతే 33,400 అనీ బుజ్జిగాడు చదివి చెప్పాడు. అంత జీతం ఇచ్చే కంపెనీ దొరకకపోతే అది నీ తెలివికి మార్కు కాదు. అది మూడో పెట్టె.

కాఫీ సంగతి. రాజమండ్రి పిన్ని అల్లుడు గ్లాస్గో నుంచి మీ ఊరు వచ్చినప్పుడు వేవర్లీ స్టేషన్ దగ్గర కాఫీ షాపులో నిన్ను నల్ల ఏప్రన్‌తో చూశాడట, నువ్వు లోపలికి వెళ్లిపోయావట. పిన్ని ఆ మాట చెప్పడానికే ప్రత్యేకం ఫోన్ చేసింది. మొదట కూతురి సీమంతం గురించి పావుగంట మాట్లాడి, ఫోన్ పెట్టేసే ముందు "అన్నట్టు" అంది. నేను, "అవును, ఖాళీగా కూర్చోవడం మా పిల్లకి రాదు" అన్నాను. నాన్నగారికి కూడా తెలుసు. ఆయన ఒక్కటే అడిగారు, అక్కడ భోజనం పెడతారా అని. లోపలికి ఎందుకు వెళ్లావు? పలకరిస్తే పోయేది. కప్పులు కడిగితే ఏం? నాన్నగారు డిగ్రీ చదువుతూ తెనాలిలో సినిమా హాల్లో టికెట్లు చింపారు, ఆ సంగతి పెళ్లిచూపుల్లో ఆయనే చెప్పారు.

రాజ్ రెడ్డి గారి పేపర్ కటింగు నాన్నగారు కవర్లో పెట్టమన్నారు. వద్దన్నా వినలేదు. కాటూరులో పుట్టి 1994లో కంప్యూటర్ విద్యలో నోబెల్ లాంటి ట్యూరింగ్ అవార్డు తెచ్చుకున్నారని అందరిళ్లలో పిల్లల మీదకి విసిరే పేరే. నేనైతే అందులో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీ నుంచి ఆస్ట్రేలియా వెళ్లి, కొన్నేళ్లు ఉద్యోగం చేసి, ఆ తర్వాతే స్టాన్‌ఫర్డ్‌కి వెళ్లారన్న లైను కింద గీత గీశాను. మిగతాది చదవకపోయినా ఫర్వాలేదు.

లోన్ గురించి ఆలోచించకు. కిస్తీలు మొదలవడానికి ఇంకా టైముంది, వడ్డీ నా పెన్షన్‌లోంచి నెలనెలా కట్టేస్తున్నాం. ఇంటికి వచ్చెయ్యాలనిపిస్తే వచ్చెయ్యి, ముందు గది ఖాళీగానే ఉంది, బుజ్జిగాడి క్రికెట్ సామాను తీయిస్తాను. ఉండాలనుకుంటే మాత్రం వీసా చూసుకో తల్లీ. స్టూడెంట్ వీసా గడువు తీరకముందే, అక్కడే ఉండి, చదువయ్యాక పనిచేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసాకి పెట్టాలట, తీరాక కుదరదట. నీది జనవరి నెలాఖరుకి అని నువ్వే ఒకసారి అన్నావు. 2027 జనవరి నుంచి పెట్టేవాళ్లకి పద్దెనిమిది నెలలేనట, ఇప్పుడు పెడితే రెండేళ్లు. దానికీ హెల్త్ ఫీజు ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున ముందే కట్టించుకుంటారు. డబ్బుకి ఆగావా? అదే అయితే చెప్పు. గాజులు ఉన్నాయి, నేను వేసుకునేది ఎప్పుడు?

హిందీ మేడమ్ గారి కోడలు లండన్ వెళ్తోంది, ఆవిడ చేత ఇది పంపుతున్నాను. కందిపొడి, కరివేపాకు కారం, గోంగూర పచ్చడి రెండు కవర్లలో చుట్టాను. పాలకోవా, నెయ్యి రానివ్వరట, అవి పెట్టలేదు. పచ్చడి మూత తీశాక పొడి చెంచానే వాడు, తడి చెయ్యి పెడితే బూజు పడుతుంది, పోయినసారి అలాగే పాడుచేశావు. తలకి నూనె రాసుకో. ఆదివారం తొమ్మిదిన్నరకి ఫోన్ దగ్గరే ఉంటాం.

ఇట్లు,
అమ్మ

తా.క. ఆవిడ లండన్‌లో దిగాక పార్సిల్ పోస్టులో వేస్తుంది. నువ్వు ఆ పాత అడ్రసులోనే ఉన్నావు కదా? మారితే కొత్తది ఈ వారంలోనే మేడమ్ గారి నంబరుకి పెట్టు, నాకు కాకపోయినా.