ఒప్పుకున్న రంగులు వేరు, బిగించిన షట్టర్లు వేరు: భీమిలి అద్దె విడిది వంటగదిపై ఫిర్యాదు

కస్టమర్ సేవల మేనేజర్ గారికి,
మాడ్యులర్ కిచెన్ విభాగం, విశాఖపట్నం శాఖ.

విషయం: ఆర్డర్ పత్రానికి విరుద్ధంగా బిగించిన కబ్బర్డు షట్టర్లు, ఎడ్జ్ బ్యాండ్, స్కర్టింగ్, లైట్లు మార్చి ఇవ్వడం గురించి.

అయ్యా,

భీమిలిలో సముద్రానికి ఎదురుగా, సెలవులకు వచ్చే కుటుంబాలకు అద్దెకిచ్చే మా ఇంటి వంటగది పని మీ సంస్థకు అప్పగించాం. రంగులన్నీ ముందే తేల్చుకుని ఆర్డర్ పత్రంలో రాయించాం. కింది షట్టర్లకు, డ్రాయర్లకు బూడిద కలిసిన లేత ఆకుపచ్చ, అంటే మీ కేటలాగులోని సేజ్ గ్రీన్, స్వేడ్ మ్యాట్ ఫినిష్. పై షట్టర్లకు అదే ఫినిష్‌లో మీగడ రంగు. అన్నిటికీ నీటికి తట్టుకునే జిగురుతో చేసిన 18 మి.మీ. బీడబ్ల్యూపీ ప్లైవుడ్, బయట 1 మి.మీ. లామినేట్, లోపల లేత రంగు 0.8 మి.మీ. లైనర్, చుట్టూ షట్టర్ రంగులోనే 2 మి.మీ. ఎడ్జ్ బ్యాండ్, అంటే అంచు పట్టీ. నేల దగ్గర ముదురు బూడిద స్కర్టింగ్. గట్టు మీదికి 4000 కెల్విన్, అంటే పసుపుకూ నీలానికీ మధ్యస్థంగా ఉండే తెలుపు ఎల్ఈడీ పట్టీలు. ఈ పత్రం మీద మీ డిజైనర్ సంతకం కూడా ఉంది.

బిగించినవి చూస్తే ప్లైవుడ్, లోపలి లైనర్ తప్ప మిగతావేవీ దానికి సరిపోలేదు. అన్నిటికన్నా పెద్ద తప్పు కింది వరుసలో ఉంది. డ్రాయర్ల ముఖాలు ఒక ఆకుపచ్చ, షట్టర్లు మరో ఆకుపచ్చ. పగటి వెలుతురులో డ్రాయర్లు నీలం వైపు, షట్టర్లు పసుపు వైపు తిరిగి కనిపిస్తున్నాయి. ఫోన్లో మాట్లాడినప్పుడు మీ సైట్ సూపర్‌వైజర్ గారు "లాట్ మారితే కొంచెం తేడా మామూలే" అన్నారు. లాట్‌కూ లాట్‌కూ, అంటే ఒక విడత తయారైన సరుకుకూ మరో విడతకూ, స్వల్ప తేడా ఉంటుందన్న మాట నిజమే. కానీ ఇక్కడున్నది ఆ తేడా కాదు. లాట్ తేడా అయితే సాధారణంగా ఏ వెలుతురులో చూసినా కాస్తో కూస్తో కనిపిస్తుంది. ఇక్కడ ఒక డ్రాయర్ ముఖం విప్పి షట్టర్ పక్కన నిలబెడితే, మీరు బిగించిన తెల్లటి లైటు కింద రెండూ ఒకటిగానే ఉన్నాయి. అవే రెండూ వరండాలోకి తీసుకెళ్తే విడిపోయాయి. ఒక వెలుతురులో కలిసి, మరో వెలుతురులో విడిపోయే రంగులు వేర్వేరు వర్ణకాలతో తయారైనవి. అంటే రెండూ ఒక కంపెనీ ఒకే కోడ్ షీట్లు కావు, దగ్గరగా ఉన్న మరో షీటు తెచ్చి అతికించారన్నది మా నిర్ధారణ. కాదంటే రెండు షీట్ల కొనుగోలు బిల్లులు, కోడ్ నంబర్లతో సహా పంపండి. లాట్ ముద్ర షీటు వెనకవైపు ఉంటుంది, అతికించాక దాన్ని చూసే వీలు లేదు. అందుకే బిల్లులు అడుగుతున్నాం.

షీటు చాలక ఇలా చేశారని అనుకోవడానికి కూడా వీల్లేదు. రెండు గట్ల కింద కలిపి ముఖం పొడవు 16 అడుగులు, షట్టర్ ఎత్తు 720 మి.మీ. మొత్తం 38 చదరపు అడుగులకు మించదు. ఎనిమిది అడుగుల షీటులో ఈ ఎత్తుకు మూడు వరుసలు వస్తాయి, ఒక్కో వరుస నాలుగు అడుగులు. అంటే ఒక షీటుకు 12 అడుగుల పొడవు ముఖం, రెండు షీట్లకు 24 అడుగులు. డ్రాయర్లు, బయటికి కనిపించే పక్క పలకలు కూడా ఆ మిగులులోనే వస్తాయి. రెండు షీట్లు ఒకే లాట్‌లో తీసుకోవడం ఏ డీలర్ దగ్గరా కష్టం కాదు.

ఇక పై షట్టర్లు. మీగడ రంగు మ్యాట్ లామినేట్ అని రాసిన చోట మెరిసే తెల్ల అక్రిలిక్ వచ్చింది. "ఫోటోల్లో బాగా పడుతుంది, విలువ కూడా ఎక్కువ" అని మీవాళ్లు అన్నారు. మీ ధరల పట్టికలో అది ఎక్కువ ఖరీదే కావచ్చు, అద్దె ఇంటికి మాత్రం పనికిరాదు. కారణాలు వివరంగా రాస్తున్నాం, ఎందుకంటే రేపు మరో విడిది ఇంటికి మీరు ఇదే సలహా ఇవ్వకూడదు.

వాస్తు ప్రకారం ఈ వంటగది ఆగ్నేయంలో ఉంది. తూర్పున సముద్రం వైపు పెద్ద కిటికీ, దక్షిణాన చిన్న కిటికీ. పొద్దున్నే ఎండ సముద్రం మీంచి అడ్డుగా వచ్చి పడమటి గోడకున్న పై షట్టర్ల మీద సూటిగా పడుతుంది. దసరా దాటాక మాఘమాసం దాకా దక్షిణపు కిటికీ ఎండ కూడా తోడవుతుంది. ఆ మెరిసే ఫినిష్ మీద ఎండ పడి స్టవ్ దగ్గర నిలబడి వెనక్కి తిరిగినవారి కళ్లలో కొడుతోంది. మ్యాట్ ఫినిష్ అయితే వెలుతురును చెదరగొట్టి గదంతా పంచుతుంది. ఫోటోల మాటకు వస్తే, మెరిసే తలుపుల్లో కిటికీ, లైటు, ఫోటో తీసేవారు అందరూ ప్రతిబింబిస్తారు. బయటి నీలి వెలుతురు ఒకవైపు, దీపపు పసుపు ఒకవైపు పడి ఒకే తలుపు రెండు రంగుల్లో కనిపిస్తుంది. బుకింగ్ సైటులో ఫోటో చూసి వచ్చిన అతిథి ఇంట్లో మరో రంగు చూస్తే నమ్మకం పోతుంది. అది నేరుగా రేటింగ్ మీద పడుతుంది.

రంగు విషయంలో మరో మాట. గట్టు చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్. నల్ల రాయిలో బంగారు రంగు చుక్కలు ఉంటాయి. గోడ టైల్స్ కూడా లేత గంధం రంగువే. మీగడ రంగు ఎంచింది ఈ రెండిటికీ కుదరాలనే. వాటి పక్కన స్వచ్ఛమైన తెలుపు పెట్టేసరికి తెలుపు నీలంగా, టైల్స్ మాసిపోయినట్టుగా కనిపిస్తున్నాయి. టైల్స్ కొత్తవే, మురికి లేదు. పక్క రంగు వల్ల వచ్చిన ఇబ్బంది ఇది, ఎంత తుడిచినా పోదు. గట్టు నలుపు కాబట్టి వెలుతురును అది చాలా మింగేస్తుంది. అందుకే కింద కూడా ముదురు రంగు వద్దనుకుని, మరీ లేతగా కాకుండా సేజ్ గ్రీన్ దగ్గర ఆగాం. సింకు ముందు షట్టర్ మీద బోరు నీళ్లు చింది ఆరితే తెల్ల చారలు పడతాయి. ముదురు నీలం, నలుపు మీద అవి దూరం నుంచే కనిపిస్తాయి. తెలుపు మీద కాఫీ, టీ మరకలు, చేతి జిడ్డు కనిపిస్తాయి. బూడిద కలిసిన మధ్యస్థ రంగు రెండిటినీ కొంత దాచి, పనివాళ్లు తుడిచేదాకా గదిని పరువుగా నిలబెడుతుంది. ఒక కుటుంబం పదకొండింటికి ఖాళీ చేసి, ఇంకో కుటుంబం మధ్యాహ్నానికి దిగే ఇంట్లో ఇది చాలా ముఖ్యం.

అక్రిలిక్‌ను అద్దె ఇంట్లో వద్దనడానికి అసలు కారణం శుభ్రం చేసే తీరు. భీమిలికి వచ్చేవారు చేపలు కొనుక్కొచ్చి పులుసు వండుకుంటారు. పోపు చిందుతుంది, పసుపు నూనె తలుపుల మీద పడుతుంది. పసుపు మరక మీద సబ్బు రాస్తే క్షారం తగిలి ఎర్రబడుతుంది. అది చూసి కంగారుపడి స్క్రబ్బర్‌తో రుద్దుతారు. మెరిసే అక్రిలిక్ మీద ఆ గీతలు తుడిచినా పోవు. పసుపు రంగు స్పిరిట్‌లో కరుగుతుంది కాబట్టి తెలిసినవారు స్పిరిట్ గానీ శానిటైజర్ గానీ గుడ్డకు అద్ది తుడుస్తారు. లామినేట్ దానికి తట్టుకుంటుంది. అక్రిలిక్ మాత్రం ఆల్కహాల్ తగిలితే సన్నని పగుళ్ల వల పట్టే ప్రమాదం ఉంది, అంచుల దగ్గర, స్క్రూ పడిన చోట్ల మరీను. సొంత ఇంట్లో అయితే ఏది వాడాలో ఇంట్లోవాళ్లకు చెప్పుకోవచ్చు. వారం వారం మారే అతిథులకు ఎవరు చెబుతారు? వారంటీ కార్డులో మీరే "ఆల్కహాల్ ఉన్న ద్రావకాలు వాడరాదు" అని ముద్రించారు. ఆ షరతు పాటించడం సాధ్యం కాని ఇంటికి అడగకుండానే అదే సరుకు బిగించారు.

ఎడ్జ్ బ్యాండ్ 2 మి.మీ.కు బదులు 0.8 మి.మీ. తెల్లది వేశారు. ఆకుపచ్చ షట్టర్లకు చుట్టూ తెల్ల గీత గీసినట్టుంది. అందం సంగతి అటుంచితే, లగేజీ పెట్టెలు, కుర్చీలు తగిలే కింది అంచులకు సన్న పట్టీ నిలవదు. సింకు కింది షట్టర్‌కు ఇప్పటికే ఒక మూల లేచింది. అక్కడి నుంచి తడి ప్లైవుడ్ అంచులోకి దిగితే, జిగురు బీడబ్ల్యూపీ అయినా పై లామినేట్ అంచు విడుతుంది. సముద్రపు గాలిలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. సింకు, స్టవ్ పక్క షట్టర్లకైనా తడికి, వేడికి తట్టుకునే పీయూఆర్ జిగురుతో అంచు వేయించండి.

స్కర్టింగ్ తెల్లది వేశారు. తడిగుడ్డ మురికి, ఇసుక పాదాలు తగిలే చోటు అది. ముదురు బూడిదకే మార్చాలి.

లైట్ల విషయం చిన్నదిగా కనిపించినా రంగుకు ప్రాణం అదే. నీలం వైపు మొగ్గే 6500 కెల్విన్ పట్టీలు బిగించారు. వాటి కింద సేజ్ గ్రీన్ చల్లబడి ఆసుపత్రి గోడలా ఉంది. 4000 కెల్విన్, సీఆర్ఐ (రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే కొలత, గరిష్ఠం 100) 90 లేదా అంతకు మించినవి కావాలి. సీఆర్ఐ తక్కువైతే ఇలాంటి బూడిద కలిసిన రంగుల్లో ఆకుపచ్చ మసకబారి బూడిదగా కనిపించవచ్చు. మీ షోరూంలో రంగు నమూనాలు చూపిస్తున్నది కూడా తెల్ల ట్యూబులైట్ల కిందే, చేతి వెడల్పు ముక్కల మీద. కనీసం ఏ4 సైజు ముక్కలను సైటుకే పంపి, తలుపులా నిలబెట్టి, గట్టు రాయి పక్కన పొద్దున ఒకసారి, దీపాలు వేశాక ఒకసారి చూపించి సంతకం తీసుకునే పద్ధతి మీరు పెట్టుకుంటే ఇలాంటి గొడవలు చాలావరకు రావు.

మీ సూపర్‌వైజర్ గారు రెండు పరిష్కారాలు చెప్పారు. ఉన్న షట్టర్ల మీదే కొత్త లామినేట్ అతికించడం ఒకటి, బిల్లులో కొంత తగ్గించడం మరొకటి. మొదటిది ఒప్పుకోలేం. బయటివైపు రెండు పొరలు, లోపల ఒకటే పొర అయితే షట్టర్ ఒకవైపు లాగి వంగుతుంది. మందం పెరిగి తలుపుల మధ్య సందులు తప్పుతాయి, అంచున రెండు గీతలు కనిపిస్తాయి. అక్రిలిక్ మీద లామినేట్ అతికినా నిలుస్తుందన్న భరోసా లేదు. తగ్గింపు కూడా వద్దు. తక్కువ ధరకు తప్పు రంగు కొనాలని మేం ఆర్డర్ ఇవ్వలేదు.

మాకు కావలసినవి ఇవి. కింది షట్టర్లు, డ్రాయర్ ముఖాలు, పక్క పలకలు మొత్తం ఒకే కోడ్, ఒకే లాట్ సేజ్ గ్రీన్ షీట్లతో కొత్తగా చేసి ఇవ్వాలి. పై షట్టర్లన్నీ ఆర్డర్‌లో రాసిన మీగడ రంగు మ్యాట్ లామినేట్‌తో కొత్తవి ఇవ్వాలి. ఎడ్జ్ బ్యాండ్, స్కర్టింగ్, లైట్లు పైన రాసినట్టు మార్చాలి. అదే లాట్ నుంచి సేజ్ గ్రీన్ షీటు ఒకటి, మీగడ రంగు షీటు ఒకటి, రెండు రంగుల ఎడ్జ్ బ్యాండ్ పది మీటర్ల చొప్పున అదనంగా ఇవ్వాలి. వాటి ధర మేం చెల్లిస్తాం. అద్దె ఇంట్లో ఒకటో రెండో షట్టర్లు ఎప్పుడైనా దెబ్బతింటాయి. అప్పుడు లాట్ దొరక్క వరుసంతా మార్చే పరిస్థితి రాకూడదు. షీట్లు ప్రెస్సుకు వెళ్లకముందే వెనకవైపు ముద్ర కనిపించేలా ఫోటోలు పంపండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో పని తేదీ రాతపూర్వకంగా తెలియజేయాలి. ఒప్పందంలో మిగిలిన చివరి వాయిదా పని సరిగా పూర్తయిన రోజునే చెల్లిస్తాం. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. ఇల్లు అద్దెకిచ్చేది కాబట్టి మేం వినియోగదారులం కామని మీవాళ్లు ఒకసారి అన్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) వివరణ చదవండి. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే కొని వాడుకునే వస్తువును వాణిజ్య ప్రయోజనం కింద లెక్కించరు. ఈ ఇంటిని నడిపేది, దాని మీద బతికేది మేమే.

శుక్రవారం నుంచి ఆదివారం దాకా అతిథులుంటారు. మీ మనుషులు సోమవారం నుంచి గురువారం లోపు రావాలి. పాత షట్టర్లు విప్పిన రోజే కొత్తవి బిగించేలా, తలుపు కబ్జాల (హింజ్‌ల) రంధ్రాలు ఫ్యాక్టరీలోనే వేయించి తీసుకురండి.

ఇట్లు,
ఇంటి యజమానులు,
భీమునిపట్నం.

జతపరిచినవి: ఆర్డర్ పత్రం నకలు, వారంటీ కార్డు నకలు, పగటి వెలుతురులోనూ లైటు కిందా తీసిన డ్రాయర్, షట్టర్ ఫోటోలు, లేచిన ఎడ్జ్ బ్యాండ్ ఫోటో, చెల్లింపు రసీదులు.