సాయంత్రం ఓపీ తెరవండి, క్యాజువాలిటీ మీద బరువు తగ్గుతుంది: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కర్ణాటక ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మేం బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్లం. మాలో స్టాఫ్ నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఫార్మసిస్టులు, అంబులెన్సుల్లో రోగిని చూసుకునే ఈఎంటీలుగా పనిచేసినవాళ్లు ఉన్నారు. హిందూపురం, మదనపల్లె, అనంతపురం నుంచి రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి ఇక్కడి ఆసుపత్రుల ముందు లైన్లో నిలబడేవాళ్లూ, ఇక్కడే స్థిరపడి పనులు చేసుకుంటున్న మన కుటుంబాలూ చదవాలని తెలుగులో రాస్తున్నాం. కన్నడ ప్రతి మీ కార్యాలయానికి పంపుతున్నాం.

పెద్దాసుపత్రుల క్యాజువాలిటీలు, అంటే అత్యవసర విభాగాలు, కిక్కిరిసిపోతున్నాయనగానే మంచాలు పెంచాలి, అంబులెన్సులు కొనాలి అంటారు. కొనండి, కాదనం. కానీ సాయంత్రం ఐదు దాటాక డబ్బు పెట్టుకోలేని మనిషి డాక్టరుకి ఎదురుగా కూర్చుని చూపించుకోవాలంటే ఈ నగరంలో చాలా వార్డుల్లో క్యాజువాలిటీ తప్ప వేరే గుమ్మం లేదు. అసలు చిక్కు అక్కడుంది.

వార్డు వార్డుకీ ప్రభుత్వ నమ్మ క్లినిక్‌ పెట్టాలన్నది మంచి ఆలోచన. డాక్టరు, నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, ఉచితంగా మందులు, అన్నీ నడిచివెళ్లే దూరంలో. అయితే ఎక్కువ క్లినిక్‌ల వేళలు పొద్దున 9 నుంచి సాయంత్రం 4:30 వరకే. గార్మెంట్ ఫ్యాక్టరీ షిఫ్టు, బిల్డింగు పని, ఇళ్లల్లో పని, ఇవన్నీ ఆ గంటల్లోనే. పొద్దున పిల్లకి ఒళ్లు వెచ్చగా ఉందని తల్లి పని మానేస్తే ఆ రోజు కూలి పోతుంది. పనికెళ్లి వచ్చేసరికి క్లినిక్ మూసేసి ఉంటుంది. చీకటిపడ్డాక జ్వరం పెరుగుతుంది, ఆటో మాట్లాడుకుని పెద్దాసుపత్రికి పరిగెడతారు. అంత చిన్నదానికి ఇక్కడికెందుకొచ్చారని అక్కడ వాళ్లని కసురుకోవడం అన్యాయం.

అన్ని క్లినిక్‌లనీ రాత్రిదాకా నడపమనడం లేదు. ప్రతి ఐదింటిలో రెండింటి వేళలు మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 వరకు మార్చండి. పనిగంటలు పెరిగేది అరగంటే, మిగతాదంతా వేళలు జరగడమే. ఇప్పటికే సాయంత్రం నడుస్తున్నవి ఉంటే వాటిని లెక్కలో కలుపుకోండి. కాకపోతే వేళలు మార్చి ఊరుకుంటే మూడు నెలల్లో మళ్లీ మూతపడతాయి. మధ్యాహ్నమే శాంపిళ్లు తీసుకెళ్లే బండి రెండోసారి సాయంత్రం ఏడింటికి రావాలి. రాత్రిపూట ఒంటరిగా ఉండే మహిళా డాక్టరుకి, నర్సుకి గుమ్మం దగ్గర ఒక గార్డు, వీధిలో వెలుగుతున్న దీపం కావాలి. క్లినిక్‌కి ఒక్కరే డాక్టరు కాబట్టి ఆయన సెలవు పెడితే ఆ రోజు వైద్యం లేనట్టే. పది క్లినిక్‌లకి ఒక రిజర్వు డాక్టరును పెడితే ఆ గండం తప్పుతుంది.

ఇక పొద్దున ఓపీ. ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే టోకెన్ వచ్చే పద్ధతి 2022లో మొదలైంది. ఫోను తిప్పడం తెలిసినవాళ్లకి అది మేలే చేసింది. తెలియనివాళ్ల సంగతి వేరు. ఆధార్‌తో ఆభా తెరవాలంటే ఓటీపీ ఆధార్‌కి కలిపిన నంబరుకే వెళ్తుంది. ఆ సిమ్ ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది, లేదంటే ఊళ్లో కొడుకు చేతిలో ఉంటుంది. పెద్దామె పక్కవాళ్ల ఫోన్లోంచి కొడుకుని పిలిచి "ఆ అంకెలు చదువు నాయనా" అంటూ ఉంటుంది, వెనక లైను కదలదు. సగం టోకెన్లు కౌంటరులో కాగితం మీద ఇవ్వండి. టోకెన్ మీద వరస నంబరుతోపాటు గంట కూడా వేయండి: 9 నుంచి 10, 10 నుంచి 11. తెల్లవారుజామునే జనం గుమిగూడేది టోకెన్లు అయిపోతాయన్న భయంతోనే. తన వంతు పదకొండింటికని తెలిసినవాడు పది గంటలదాకా రాడు.

నమ్మ క్లినిక్ డాక్టరు రాసిన చీటీ పట్టుకుని వచ్చిన రోగిని మళ్లీ జనరల్ మెడిసిన్ లైన్లో మొదట్నుంచీ నిలబెట్టొద్దు. చీటీ ఉంటే నేరుగా ఆ విభాగానికే పంపాలి. అలా కాకపోతే వార్డు క్లినిక్‌కి వెళ్లడమే దండగని జనం అనుకుంటారు. అనుకుంటున్నారు కూడా. అలాగే నిలకడగా ఉన్న బీపీ, షుగర్ రోగులకి మాత్రలు పది, పదిహేను రోజులకి కాకుండా పూర్తిగా 30 రోజులకి ఇవ్వండి. డాక్టరు కొత్తగా చూడాల్సినది ఏమీ లేకపోయినా మాత్రల కోసమే వచ్చేవాళ్లతో ఓపీ నిండిపోతోంది.

ఫోన్లో చూపించుకోవచ్చు కదా అనేవాళ్లున్నారు. ప్రభుత్వ ఫోన్ వైద్య సేవ ఈ-సంజీవని పాత రోగులకి, రిపోర్టు చూపించడానికి ఉపయోగపడుతుంది, మాకు దానిమీద వ్యతిరేకత లేదు. కానీ 2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారమే, అత్యవసర స్థితిలో ఫోన్ సలహా ప్రథమ చికిత్స చెప్పి దగ్గరి ఆసుపత్రికి పంపడం వరకే. పొట్ట నొక్కి చూడాలి, స్టెత్ పెట్టి వినాలి. ఏడాది లోపు పిల్ల (రెండు నెలలు నిండాక) నిమిషానికి 50 లేదా అంతకన్నా ఎక్కువసార్లు, ఏడాది నుంచి ఐదేళ్ల పిల్ల 40 లేదా ఎక్కువసార్లు ఊపిరి తీస్తుంటే న్యుమోనియా అనుకోవాలి. చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పక్కటెముకల కింద లోపలికి గుంట పడుతోందా అని కూడా చూడాలి. మూలుగుతూ కదిలే పిల్లని ఊగే ఫోన్లో చూసి ఇవి తేల్చలేరు.

ఈ ఊపిరి లెక్క క్యాజువాలిటీలోనూ తప్పుతోంది. ఎవరిని ముందు చూడాలో తేల్చే ట్రయాజ్ బల్ల దగ్గర బీపీ, నాడి, ఆక్సిజన్ ఎంతున్నాయో మెషిన్లు చెబుతాయి. ఊపిరి మాత్రం మనిషే లెక్కపెట్టాలి. రద్దీలో అంత తీరిక దొరక్క అందరికీ 18 అనో 20 అనో రాసేస్తారు. పెద్దవాళ్లలో అది 22కి చేరిందంటే ఒంట్లో ఇన్ఫెక్షన్ ముదురుతోందేమోనని అనుమానించాలి. అలాంటి మనిషికి ఆగగలడని పచ్చ చీటీ ఇచ్చి బెంచీ మీద కూర్చోబెడితే రెండు గంటల తర్వాత వెంటనే చూడాల్సిన ఎర్ర చీటీ మనిషవుతాడు. అందుకని ట్రయాజ్‌లో కొత్తగా చేరిన హౌస్ సర్జన్‌ని కాదు, అనుభవమున్న సీనియర్ నర్సుని కూర్చోబెట్టండి. పచ్చ చీటీల వాళ్లకి క్యాజువాలిటీ పక్కనే ఒక గది, సాయంత్రం 5 నుంచి రాత్రి 11 దాకా ఒక డ్యూటీ డాక్టరు ఉంటే లోపలి జట్టు ఎర్ర, పసుపు రోగుల మీదే ఉంటుంది. ఛాతీనొప్పితో వచ్చినవాళ్లకి పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్న నియమం అప్పుడే సాధ్యం.

అంబులెన్సులు చాలడం లేదంటారు. చాలాసార్లు బండి ఉంటుంది, కానీ కదలడానికి వీలుండదు. రోగిని తెచ్చేసరికి ఆసుపత్రి ట్రాలీలన్నీ నిండి ఉంటాయి. రోగి అంబులెన్సు స్ట్రెచర్ మీదే ఉండిపోతాడు. స్ట్రెచర్ లేకుండా బండి నడిపే పైలట్ బయల్దేరలేడు. ఇంకో కాల్ వస్తే దూరంగా ఉన్న బండి వెళ్లాలి. ఈలోపు వాడేది కూడా అంబులెన్సు ఆక్సిజనే. బీ టైపు సిలిండరులో సుమారు 1,500 లీటర్లుంటాయి. నిమిషానికి 10 లీటర్లు పెడితే రెండున్నర గంటలు. గుమ్మం దగ్గర గంట ఆగితే మూడో వంతుకు పైగా అక్కడే అయిపోతుంది. తర్వాతి రోగి దగ్గరికి ఆ బండి సగం సిలిండరుతో వెళ్తుంది.

దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ప్రతి పెద్దాసుపత్రి క్యాజువాలిటీ గుమ్మంలో నాలుగు ట్రాలీలు వేరే రంగు వేసి, ఒక్కోదానికి సిలిండరు కట్టి, 108 రోగులకి మాత్రమే ఉంచాలి. వాటిని వార్డుల్లోకి తోసుకుపోకుండా చూసే బాధ్యత ప్రతి షిఫ్టులో ఒక వార్డు బాయ్ పేరు మీద ఉండాలి. రోగిని ఈఎంటీ దగ్గర్నుంచి తీసుకుని, టైము వేసి సంతకం పెట్టడానికి ఒక నర్సు ఉండాలి. ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి పంపేటప్పుడు అక్కడ తీసుకుంటామన్న డాక్టరు పేరు చీటీ మీద లేకుండా బండి కదలకూడదు. వెంటిలేటర్ లేదని అక్కడా, మంచం లేదని ఇక్కడా అంటుంటే రోగి దారిలోనే ఉంటాడు.

రోగి మొదట వెళ్లే చోటికే పెద్ద డాక్టరు సలహాను చేర్చడం మీ శాఖకి తెలియనిది కాదు. పునీత్ రాజ్‌కుమార్ హృదయ జ్యోతి పథకంలో గుండెపోటు వచ్చినవాళ్లకి తాలూకా ఆసుపత్రిలో ఈసీజీ తీసి, బెంగళూరు జయదేవ గుండె ఆసుపత్రి డాక్టర్లకి చూపించి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ అక్కడే ఇస్తున్నారు. వార్డు క్లినిక్‌లకీ అలాంటి తోడు కావాలి.

వానలకి ముందే ఇవి మొదలవ్వాలి. 2024లో డెంగీ పరీక్షలకి ప్రైవేటు ల్యాబుల్లో ధర పరిమితి పెట్టింది, డెంగీని అంటువ్యాధిగా ప్రకటించింది మీ ప్రభుత్వమే. డెంగీలో జ్వరం తగ్గే రోజుల్లోనే ప్రమాదం. అప్పుడు రోజూ రక్తపరీక్ష కావాలి, ప్లేట్‌లెట్లతోపాటు రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే హెమటోక్రిట్ కూడా చూడాలి. సాయంత్రం క్లినిక్‌లో అది దొరికితే కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావం, మగత ఉన్నవాళ్లు మాత్రమే పెద్దాసుపత్రికి వస్తారు.

2025 నుంచి నగరంలో ఐదు కార్పొరేషన్లున్నాయి. ముందుగా ఒక్కో దాంట్లో ఒక్కో పెద్దాసుపత్రినీ, దాని చుట్టుపక్కల క్లినిక్‌లనీ తీసుకుని మే నెలలోగా మొదలుపెట్టండి. అంబులెన్సు గుమ్మానికి వచ్చిన టైము, స్ట్రెచర్ ఖాళీ అయి వెళ్లిన టైము, ఈ రెండింటి మధ్య ఎన్ని నిమిషాలు పట్టిందో ప్రతి సోమవారం ఆ ఆసుపత్రి నోటీసు బోర్డు మీద పెట్టించండి. ట్రాలీల రంగు, షిఫ్టు పట్టిక, చీటీ నమూనా తయారు చేయడానికి మీ అధికారులు పిలిస్తే డ్యూటీ లేని రోజు చూసుకుని వస్తాం.

ఇట్లు,
బెంగళూరులోని తెలుగు నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఫార్మసిస్టులు, ఈఎంటీలు