ఓఎఫ్‌ఎస్ ‘తగ్గింపు’ తెల్లారేదాకానే

సంపాదకులకు,

ప్రభుత్వమో ప్రమోటరో తమ చేతిలోని షేర్లను ఎక్స్ఛేంజీ ద్వారా అమ్మే ఆఫర్ ఫర్ సేల్ (ఓఎఫ్‌ఎస్) ప్రకటించిన ప్రతిసారీ ‘మార్కెట్ ధర కన్నా 7% చౌక’ అన్న శీర్షికలు చూస్తున్నాం. ఆ లెక్క ముందు రోజు ముగింపు ధర మీద కట్టినది. షేరు రూ.500 దగ్గర ముగిసిందనుకోండి. సాయంత్రం ఫ్లోర్ ధర, అంటే బిడ్ వేయగల కనీస ధర, రూ.465 అని ప్రకటిస్తారు. మర్నాడు ట్రేడింగ్ మొదలవుతూనే షేరు రూ.475కి జారితే మిగిలే తేడా 2 శాతమే. రెండో రోజు రిటైల్ (చిన్న మదుపరుల) వంతు వచ్చేసరికి అదీ ఉండకపోవచ్చు.

పైగా రూ.465 కనీస ధర మాత్రమే. మొదటి రోజు ఫండ్లు, బీమా సంస్థలు, పెద్ద మదుపరులు వేసే బిడ్లను బట్టి కటాఫ్ (షేర్లు దక్కే అతి తక్కువ ధర) తేలుతుంది. రిటైల్‌కు కనీసం 10% ఉంచుతారు. బిడ్ విలువ రూ.2 లక్షలు దాటకూడదు. కటాఫ్ కన్నా తక్కువకు బిడ్ వేస్తే షేర్లు రావు కాబట్టి ‘కటాఫ్’ ఎంచుకోవడమే మేలు. ఐపీఓలా బ్యాంకులో సొమ్ము బ్లాక్ చేస్తే సరిపోతుందనుకుని చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ట్రేడింగ్ ఖాతాలో డబ్బంతా ముందే ఉండాలి. ఇక లైవ్ ధర కటాఫ్ కన్నా కిందే ఉంటే బిడ్ ఎందుకు? మార్కెట్లోనే కొనుక్కోవచ్చు.

విక్రేత రేటు దగ్గర పట్టు విడవకపోతే ఏమవుతుందో 2012 మార్చిలో ప్రభుత్వం అమ్మిన ఓఎన్‌జీసీ వాటా విషయంలో చూశాం. రూ.290 ఫ్లోర్ పెడితే చాలా భాగం ఎల్‌ఐసీ నెత్తినే పడింది.

కంపెనీ కొత్త షేర్లను ఫండ్ల వంటి పెద్ద సంస్థలకు అమ్మే క్విప్ (క్వాలిఫైడ్ ఇన్‌స్టిట్యూషనల్ ప్లేస్‌మెంట్) వార్తల్లోనూ ఇదే తికమక. ఓఎఫ్‌ఎస్ సొమ్ము అమ్మినవాడికి పోతుంది. క్విప్ సొమ్ము కంపెనీకి వస్తుంది, షేర్ల సంఖ్య పెరుగుతుంది. దాని ఫ్లోర్ ధర గత రెండు వారాల ముగింపు ధరల్లో వారం వారీ గరిష్ఠ, కనిష్ఠాల సగటు. వాటాదారులు ఒప్పుకుంటే దాని మీద 5% దాకా తగ్గించవచ్చు. షేరు పరుగులో ఉంటే సగటే మార్కెట్ కన్నా కిందుంటుంది, అసలు తగ్గింపు 5% దాటిపోతుంది. షేరు పడుతుంటే ఫ్లోరే మార్కెట్ పైన నిలిచి, కొనేవాళ్లు దొరకరు.

ఓఎఫ్‌ఎస్ రెండో రోజు ఉదయం సంచికలో కటాఫ్ ధర, మొదటి రోజు ఎన్ని రెట్లు బిడ్లు వచ్చాయి, ఆ రోజు ముగింపు ధర ఎంత అన్న మూడు అంకెలు పక్కపక్కన వేయగలరా?

– ఓ సబ్‌బ్రోకర్, గుంటూరు