రాత్రి ఛార్జింగ్‌లో మిషన్ ఆగిపోతోందా? తప్పు మాదే

మా 30 కిలోవాట్ల హైబ్రిడ్ ఇన్వర్టర్ కొన్నవాళ్లందరికీ నమస్కారం. బ్యాటరీ మీద లోడు బాగానే నడుస్తోందనీ, రాత్రి లైన్ కరెంటుతో ఛార్జింగ్ పెడితే మాత్రం కాసేపటికే ‘డీసీ బస్ అన్‌బ్యాలెన్స్’ అని చూపించి ఆగిపోతోందనీ కొందరు నాలుగు నెలలుగా ఫోన్లు చేస్తున్నారు. మీ లైన్‌లోనే వోల్టేజీ సరిగా లేదన్నాం. ఒక కోల్డ్ స్టోరేజీ ఆయన చేత స్టెబిలైజర్ కూడా కొనిపించాం. లోపం లైన్‌లో లేదు, మా ప్రోగ్రాంలో ఉంది. క్షమించండి.

ఇది త్రీ లెవెల్ మిషన్, అంటే ప్లస్సు, సున్నా, మైనస్సు అనే మూడు మెట్ల వోల్టేజీతో ఏసీ తయారుచేస్తుంది. లోపలి 750 వోల్టుల డీసీని (డీసీ బస్ అంటే ఇదే) సిరీస్‌లో ఉన్న రెండు కెపాసిటర్ బ్యాంకులు చెరి 375 చొప్పున పంచుకోవాలి. ఒక్కో బ్యాంకు 450 వరకే తట్టుకుంటుంది. కావడి అనుకోండి, రెండు కుండలూ సమంగా ఉండాలి. కానీ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల విలువలో 20 శాతం దాకా అటూఇటూ ఉండటం మామూలే, లీకేజీ కూడా ఏ రెండింటికీ ఒకేలా ఉండదు. అందుకే ప్రోగ్రాం ఎప్పటికప్పుడు రెండు వోల్టేజీలూ చూసుకుని, స్విచింగ్‌ని కొద్దిగా పైకో కిందికో జరుపుతుంది. రెండు బ్యాంకుల మధ్య బిందువు నుంచి వెళ్లే కరెంటుతో ఆ తేడా సర్దుకుంటుంది.

ఛార్జింగ్ పెట్టగానే పవర్ ఎదురు దిక్కున నడుస్తుంది. అప్పుడు అదే సవరణ ఉల్టా పనిచేస్తుంది. కావడి కదలకుండా మోసేవాడు మాత్రం కింద వెనక్కి తిరిగాడు, మేమేమో ఇంకా ‘ముందుకు జరుపు’ అనే అరుస్తున్నాం! బరువైన కుండ ఇంకా బరువెక్కింది. ప్రోగ్రాంలో ఒక ప్లస్సు మైనస్సుగా మారాలి, మేం మార్చలేదు. అంతే.

మరి టెస్టులో ఎందుకు దొరకలేదు? ఛార్జింగ్‌ని తక్కువ కరెంటులో పది నిమిషాలే నడిపి చూశాం. కరెంటు తక్కువైతే తేడా కూడా మెల్లగా పెరుగుతుంది, ట్రిప్ అయ్యేలోపే మేం ఆపేశాం. త్రీ లెవెల్ డిజైన్‌ని తప్పుపట్టడానికి లేదు. నబే, తకహాషి, అకాగి అనే జపాన్ ఇంజినీర్లు 1981లో ప్రచురించిన పద్ధతి అది, దాన్ని వాడుకోవడంలో తొందరపడింది మేమే.

మీ కెపాసిటర్ల గురించి టెన్షన్ వద్దు. తేడా 40 వోల్టులు దాటగానే మిషన్ ఆగుతుంది, అంటే వోల్టేజీ ఎక్కువున్న బ్యాంకు 395 దగ్గరే ఆగింది. అలాంటప్పుడు కొందరికి ‘కెపాసిటర్లు పోయాయి’ అని చెప్పి మార్చి, బిల్లు కూడా వేశాం కదా, ఆ డబ్బు వెనక్కిస్తాం. స్టెబిలైజర్ ఖర్చు కూడా మాదే.

మా కుర్రాడు ల్యాప్‌టాప్‌తో వచ్చి కొత్త ప్రోగ్రాం ఎక్కిస్తాడు, అరగంట పని. ఈలోగా స్క్రీన్ మీద ఛార్జింగ్ పరిమితిని 5 కిలోవాట్లకు తగ్గించుకోండి. అప్పుడు కూడా ఆగితే రాత్రి ఛార్జింగ్ పూర్తిగా మానేసి మాకు చెప్పండి.

ఇంకొక్క మాట. ప్రోగ్రాం మార్చాక కూడా ఆసిలోస్కోప్ (వోల్టేజీ ఊగడాన్ని గీతగా చూపే పరికరం) పెట్టి చూస్తే రెండు బ్యాంకుల మధ్య 150 హెర్ట్జ్ దగ్గర కొన్ని వోల్టుల ఊగిసలాట కనిపిస్తుంది. త్రీ లెవెల్‌లో అది ఉండేదే, దానికి మాత్రం ఫోన్ చేయకండి.